వీపున కుంకుమ చల్లిన కొంగలు

మా జిల్లాలో ఆ రోజుల్లో కెమెరాకు రెండే పనులు. ఒకటి పెళ్ళి, రెండోది కరువు. పెళ్ళిలో ఫోటో తీసేవాడు నవ్వమంటాడు, కరువులో తీసేవాడు నవ్వొద్దంటాడు. కరువు చూడటానికి పైనుంచి జీపుల్లో బృందాలు వచ్చినప్పుడల్లా మావాళ్ళు ఎండిపోయిన వేరుశెనగ చెట్టొకటి పీకి, చేత్తో పట్టుకుని, మొహాలు వేలాడేసుకుని వరుసగా నిలబడేవారు. చెట్టును ఏ ఎత్తులో పట్టుకుంటే వేళ్ళు బాగా కనపడతాయో ఊరందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి చేస్తున్న పని కదా, చేయి తిరిగింది. అలాంటి జిల్లాలో నేను కొంగల్ని ఫోటో తీయడానికి కెమెరా కొంటానని బయల్దేరాను.

కొంగల మీద ప్రేమతో అనుకునేరు. ప్రేమ తర్వాత పుట్టింది. మొదట్లో నాకున్నది ఒకటే కోరిక, మా చిన్నాయన నోరు మూయించడం. అది నా కోరిక కూడా కాదు, మా అవ్వది.

మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పుట్టింది బుక్కరాయసముద్రంలో. పెద్ద చెరువు కింద, వరిమళ్ళ పక్కన పెరిగిన మనిషిని తెచ్చి తనకల్లు దగ్గర మా ఊరికి ఇచ్చారు. మా ఊళ్ళో దున్నితే రాళ్ళు లేస్తాయి. ఆ రాళ్ళను ఏరి గట్టున పోస్తే, మరుసటి ఏడు దున్నినప్పుడు వాటి తమ్ముళ్ళు లేస్తాయి. కొత్త కోడలిగా వచ్చిన ఆమె దగ్గర మా వాళ్ళ మీదికి విసరడానికి ఉన్నది ఒక్క పుట్టింటి చెరువే. బావిలో నీళ్ళు అడుగంటినా, బియ్యంలో రాళ్ళొచ్చినా, తాత కోపగించుకున్నా ఆమె మాట అక్కడే మొదలయ్యేది.

"మా యూరి చెరువుకు ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. మనిషి నడుమెత్తు ఉంటాయి. ఈపు మీద కుంకం చల్లినట్టుంటాది," అనేది.

చెరువు దాకా మావాళ్ళు ఒప్పుకునేవాళ్ళు. ఎర్రకాళ్ళు కూడా సరే అనేవాళ్ళు. కుంకుమ దగ్గరే అందరికీ నవ్వొచ్చేది. "మీ యూర్లో కొంగలు గూడా పేరంటానికి పోతాయేమో," అని మా తాత అన్నాడట పెళ్ళయిన కొత్తలో. ఆ ఒక్క మాటను ఆయన చచ్చేదాకా వాడుకున్నాడు. ఆయన పోయాక పొలం ఇద్దరు కొడుకులూ పంచుకున్నారు గానీ ఆ వేళాకోళం మాత్రం మొత్తం చిన్నాయన వాటాకే వచ్చింది.

మా చిన్నాయన మండలంలో నాయకుడు. తెల్ల బట్టలు, జీపు, భుజం మీద కండువా. పార్టీ మారినప్పుడు కండువా రంగు మారేది, వేళాకోళం మాత్రం మారేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా, కాఫీ వచ్చేలోపల, మంచంలో ఉన్న తల్లిని చూపించి, "మాయమ్మ పుట్టినూర్లో కొంగలు బొట్లు పెట్టుకుంటాయప్పా," అని మొదలుపెట్టేవాడు. వచ్చినవాళ్ళు పనుండి వచ్చినవాళ్ళు. నవ్వకపోతే పని కాదు. కాబట్టి గట్టిగా నవ్వేవాళ్ళు.

పాపం, అవ్వ దగ్గర సాక్ష్యం ఏమీ లేదు. మా వాళ్ళు ఆ ఊరికి పెళ్ళికో చావుకో పోయినప్పుడల్లా చెరువు ఎండి, నెర్రెలు విచ్చి, మధ్యలో పిల్లోళ్ళు క్రికెట్ ఆడుతూ కనపడేవారు. "కొంగలు బ్యాటింగ్ చేస్తాండాయి మా," అని చిన్నాయన తిరిగొచ్చి చెప్పేవాడు. అవ్వ మొహం అటు తిప్పుకునేది. పశువుల కొట్టంలో జారిపడి తుంటి విరిగాక ఆమె మంచం దిగలేదు. మంచంలో ఉన్న మనిషికి లేచి అవతలికి పోయే వీలు ఉండదని వచ్చినవాళ్ళలో ఒక్కడికీ తట్టలేదు.

నేను అప్పుడు అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. టౌనులో అద్దె కట్టలేక బుక్కరాయసముద్రంలో గది తీసుకుని, రోజూ పొద్దున్నే చెరువు పక్కనుంచి మోపెడ్ మీద పోయేవాణ్ణి. ఒక ఏడు ఏ తుఫాను దారి తప్పి వచ్చిందో, దసరాకు ముందే వానలు దంచికొట్టాయి. చెరువు నిండింది. టౌను నుంచి జనం ఆటోలు కట్టించుకుని మరీ నీళ్ళు చూడటానికి వచ్చారు. మాకు నీళ్ళు చూడటం ఒక యాత్ర. బొరుగుల బండ్లు కూడా వెలిశాయి.

జనం పలచబడిన తర్వాత ఒక ఉదయం తూము దగ్గర మోపెడ్ ఆపాను. మోకాలి లోతు నీళ్ళలో పెద్ద పెద్ద కొంగలు నిలబడి ఉన్నాయి. పసుపుపచ్చ ముక్కు, ఎర్రటి తల, ఎర్రటి కాళ్ళు. ఒకటి ఇటు తిరిగి రెక్కలు సర్దుకుంది. తెల్లటి ఒంటి మీద, వీపు చివర తోకను కప్పుతూ, లేత ఎరుపు. ఎవరో దోసిట్లో కుంకుమ తీసుకుని పైనుంచి చల్లినట్టే ఉంది. నేను కాలేజీ సంగతి మర్చిపోయి అక్కడే నిలబడ్డాను. ఇన్నాళ్ళూ అవ్వ చెప్పింది చెప్పినట్టు నిజం. నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు, ఇన్నేళ్ళుగా కాఫీలు తాగుతూ నవ్విన వాళ్ళందరి మీద.

ఆ ఆదివారమే ఊరికి పోయి, చిన్నాయన కోసం వచ్చిన జనం ముందే చెప్పాను.

"అవ్వా, కొంగలు వచ్చినాయి. కుంకం గూడా ఉండాది. నేను చూసినా."

చిన్నాయన జీపు బానెట్‌కు ఆనుకుని నవ్వాడు. "ఏమిరా, నువ్వు గూడా ఆ పార్టీలో చేరినావా? మాటలెవురైనా చెప్తారు. ఫోటో తీసకరా, అప్పుడు నమ్ముతా. కరువుకే ఫోటో లేకపోతే ఎవురూ నమ్మరు, నీ కొంగకు నమ్మల్లనా?"

అవ్వ నా చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నేను పొయ్యేలోపల వీని నోరు మూయించు నాయనా. ఇంగేమీ అడగను," అంది.

అట్లా మొదలైంది నా కెమెరా వేట. మొదట మా కాలేజీ జువాలజీ లెక్చరర్‌ను అడిగాను. ఫోటోగ్రఫీలో ఆయన్ను మించినవాడు జిల్లాలో లేడని ప్రతీతి. విదేశీ పత్రికలు తెప్పించుకునేవాడు. కొంగలంటే కనీసం మూరెడు లెన్సు ఉండాలన్నాడు. దానికి మూడుకాళ్ళ స్టాండు, స్టాండుకు బరువు కట్టడానికి ఇసుక సంచి, రీలు ఫలానా రకం, అదీ ఫ్రిజ్‌లో పెట్టాలి. నా గదిలో ఫ్యానే సరిగ్గా తిరగదు, ఫ్రిజ్ ఎక్కడిది? ఇంతకీ మీ కెమెరా ఏది సార్ అని అడిగాను. ఆయన దగ్గర కెమెరా లేదు. సరైనది దొరికేదాకా కొనకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం వల్ల ఆయన తీసిన ఫోటోల్లో ఎవరూ ఇంతవరకు తప్పు పట్టలేకపోయారు.

తర్వాత పెళ్ళిళ్ళ స్టూడియో ఆయన దగ్గరికి పోయాను. వెనక గోడ మీద జలపాతం, ముందు ప్లాస్టిక్ పూలు, మధ్యలో ఆయన. కొంగలు అనగానే చాలాసేపు నా మొహం చూశాడు.

"కొంగలు దుడ్లు ఇస్తాయా అన్నా?"

"ఇవ్వవు."

"మరెందుకప్పా?"

ఆయన జాలిపడి, ఏదైనా సరే ఫ్లాష్ బాగా ఉన్నది కొనమన్నాడు. ఫ్లాష్ కొడితే కొంగైనా పెళ్ళికూతురైనా మెరుస్తుందట. ఆయనకు తెలిసిన ప్రకృతి ఏదైనా ఉంటే అది గోడ మీద రంగులేసి ఉంది, దానికి ఫ్లాష్ కొడితే నిజంగానే మెరుస్తుంది.

చిన్నాయన సలహా అడక్కుండానే వచ్చింది. ఎవరి చేతో చెప్పి పంపాడు. "తేదీ పడేది కొనమను. తేదీ లేని కరువు ఆఫీసుల్లో చెల్లదు." కొంగల ఫోటో అయిపోయాక ఆ కెమెరా తన కరువుకు పనికొస్తుందని అప్పుడే లెక్క వేసుకున్నాడు. జీపు ఎవరిదైనా అందులో ముందు సీటు తనదే అనుకునే మనిషి మరి.

చివరికి అనంతపురం టవర్ క్లాక్ దగ్గర, గడియారాలూ టార్చిలైట్లూ అమ్మే ఒక పాత అంగడికి పోయాను. అంగడాయన తరతరాల వ్యాపారి. ముందు కూర్చోబెట్టి సోడా తాగించి, తర్వాత రెండు కెమెరాలు అద్దం మీద పెట్టాడు. ఒకటి పెద్దది, సెకండ్ హ్యాండ్, తోలు రాలిపోతోంది, బరువు ఇటుక మాదిరి. ఇంకోటి చిన్నది, కొత్తది, మీట నొక్కితే లెన్సు గుర్రుమంటూ బయటికొచ్చి, మళ్ళీ నొక్కితే లోపలికిపోయి మూత వేసుకుంటుంది. మూలన తేదీ కూడా పడుతుంది. చిన్నాయన ఆశీర్వాదం ఎక్కడికీ పోలేదు.

"నా మాట వింటే పెద్దది తీసుకోండి సార్," అన్నాడు అంగడాయన. "దీంట్లో మీరు చూసేదే రీలు చూస్తాది. ఆ చిన్నదాంట్లో మీరొక కిటికీలో చూస్తారు, రీలు ఇంకో కిటికీలో చూస్తాది."

"రెండు కిటికీలూ చూసేది చెరువు తట్టే కదా అన్నా," అన్నాను నేను. చాలా తెలివైన మాట అన్నానని నాకే అనిపించింది. పక్కన టార్చిలైటు బేరమాడుతున్న మనిషి కూడా నవ్వాడు.

నిజానికి నాకూ ఆ పెద్దదే కావాలని ఉంది. చేతిలోకి తీసుకుని చూస్తే, గడియార స్తంభం ముళ్ళు కంటి ముందుకొచ్చి నిలబడ్డాయి. కానీ అంత డబ్బు కూడబెట్టేసరికి వేసవి వస్తుంది. వేసవికి చెరువు ఉండదు, చెరువు లేకపోతే కొంగలు ఉండవు. అవ్వ ఉంటుందన్న నమ్మకం కూడా నాకు లేదు. చిన్నదే కొన్నాను. గ్యారంటీ ఉందా అంటే అంగడాయన నవ్వి, "అంగడి మెట్టు దిగేదాకా దాని పూచీ నాదే సార్," అన్నాడు.

మరుసటి రోజు జువాలజీ సారు దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇది కేకు కోసేటప్పుడు తీసేది," అని తిరిగి ఇచ్చేశాడు.

కొన్న వెంటనే చెరువు దగ్గరికి పోయి ఉంటే ఈ కథే లేదు. కానీ రెండు రోజుల్లో దసరా. మా ఇంట్లో ఆయుధపూజ కాకుండా కొత్త వస్తువును పనిలోకి దించరు. అది అవ్వ పెట్టిన చట్టం. బొట్టు పెట్టకుండా వాడిన కొడవలి ఎవరి వేలు కోసిందో, పూజ చేయని ట్రాక్టరు ఎవరి గుంతలో పడిందో ఆమె దగ్గర చాలా ఉదాహరణలు ఉండేవి. కెమెరా తీసుకుని ఊరికి పోయాను.

ఆయుధపూజ రోజు మా ఇల్లు ఇనప సామాన్ల సంతలా ఉంటుంది. నాగళ్ళు, కొడవళ్ళు, మందు కొట్టే పంపు, ట్రాక్టరు, మిక్సీ, టేపు రికార్డరు, అన్నీ కడిగించుకుని గంధం పూసుకుని నిలబడ్డాయి. అన్నిటికంటే పెద్ద దండ చిన్నాయన జీపుకు. జీపు ఆయుధమేనా అంటే, మండలంలో దాన్ని చూసి భయపడేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆయుధమే. పెద్ద వాటికి అందరూ బొట్లు పెట్టారు. చిన్నవన్నీ అవ్వ మంచం దగ్గరికి తెచ్చారు, ఆమె చేత్తో పెట్టించడానికి. కత్తెర, కొబ్బరి కోరు, కుట్టుమిషన్ సూదుల డబ్బా అయ్యాక నా వంతు వచ్చింది.

"కొంగల్ని తీసేది ఇదేనా?" అని అవ్వ చేతుల్లోకి తీసుకుని తడిమింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. "దీనికి కన్ను యాడుండాది?"

"మూసుకోని ఉండాదవ్వా. మీట నొక్కితే తెరుస్తాది."

"తెరిపియ్యి మరి. నిద్రపోయేదానికి బొట్టు పెడతారా యాడన్నా?"

నొక్కాను. లెన్సు గుర్రుమని బయటికొచ్చింది. అవ్వ ఉలిక్కిపడి, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తడి గంధంలో కుంకుమ కలిపి, కంటికి పైన పెట్టబోయింది. వేలు జారి సరిగ్గా కంట్లోనే పడింది. నేను కేక వేశాను.

"ఏమాయరా ఇప్పుడు, కొంప మునిగినట్టు," అంటూ చిన్నాయన కెమెరా లాక్కున్నాడు. హా అని దాని మీద ఊదాడు. భుజం మీది కండువా తీసి, బూటు తుడిచినట్టు గుండ్రంగా, గట్టిగా, చాలాసేపు తుడిచాడు. "పోయింది పో. సూడు."

నేను కన్ను పెట్టి చూశాను. ఇల్లంతా కడిగినట్టు స్పష్టంగా కనపడింది. నిమ్మకాయలు, జీపు దండ, అవ్వ ముక్కుపుడక, అన్నీ. హమ్మయ్య అనుకుని మీట నొక్కాను. లెన్సు లోపలికి పోయి మూత వేసుకుంది. నేను చూసింది నా కిటికీలో. కండువా తుడిచింది రెండో కిటికీని. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు, రెండూ చెరువు తట్టే కదా.

దసరా సెలవుల్లోనే చెరువు దగ్గర పని మొదలుపెట్టాను. కట్ట మీద నుంచి చూస్తే కొంగలు బియ్యపు గింజలంత కనపడ్డాయి. ముందుకు అడుగు వేస్తే అవి అంతే దూరం వెనక్కి పోయేవి. రెండు రోజులు అవీ నేనూ చెరువు చుట్టూ తిరిగాం. మూడో రోజు గమనించాను, బర్రెలు నీళ్ళలోకి దిగితే మాత్రం కొంగలు కదలడం లేదు. పైగా బర్రె కాళ్ళ పక్కనే చేరి, అవి కలబెట్టిన బురదలో చేపలు ఏరుకుంటున్నాయి. కాబట్టి నేను కూడా బర్రెల్లో ఒకణ్ణయ్యాను. లుంగీ ఎగ్గట్టి, ఒక బర్రె పక్కటెముకల వెనక నడుం వంచి, మోకాలి లోతు నీళ్ళలో నడిచాను. నా విద్యార్థులు ఇద్దరు కట్ట మీద నుంచి చూసి "సార్, నమస్తే సార్" అని అరిచారు. బర్రె మెడ మీదుగా ఒక చేయి ఎత్తాను.

కానీ ఫలితం దక్కింది. ఒక కొంగ పది అడుగుల దూరంలో నిలబడింది. వీపు ఇటు తిప్పింది. ఆ ఎరుపు నా కళ్ళ ముందే, నీళ్ళ మీది ఎండలో. నొక్కాను, మళ్ళీ నొక్కాను, బర్రె కదిలేదాకా నొక్కుతూనే ఉన్నాను. మిగిలిన రీలు తూముకు, పంపుహౌసుకు, నన్ను దాచిన బర్రెకు వాడాను. అంత సంతోషం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు.

రీలు కడిగించడానికి ఇచ్చి, కాలేజీ తెరిచిన వారానికి తీసుకోవడానికి పోయాను. కలర్ ల్యాబు మనిషి కవరు ఇస్తూ నా మొహం వైపు చూడలేదు. "మా మిషన్ తప్పు లేదు సార్," అన్నాడు, నేను ఇంకా కవరు తెరవకముందే.

తెరిచాను. కొంగ వీపు ఎర్రగా ఉంది. కొంగ మెడ ఎర్రగా ఉంది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆకాశం ఎర్రగా ఉంది, గట్టు ఎర్రగా ఉంది. తూము, పంపుహౌసు, బర్రె, అన్నిటి మీదా పల్చగా ఎర్రటి పొగ పట్టినట్టు ఉంది. మూలన తేదీ మాత్రం చక్కగా, స్పష్టంగా పడింది. కెమెరా తీసి మీట నొక్కి, మొదటిసారి దాని కంట్లోకి చూశాను. గంధమూ కుంకుమా పల్చటి పొరలా, అద్దం అంచు నుంచి అంచుకు సమానంగా పరుచుకుని ఉన్నాయి. మా చిన్నాయన ఏ పనైనా సగంలో వదలడు.

మళ్ళీ తీద్దామని అటునుంచి అటే చెరువుకు పోయాను. కొంగలు లేవు. చేపల కాంట్రాక్టరు మనుషులు గట్టు మీద కూర్చుని టపాకాయలు కాలుస్తున్నారు. కొంగలు చేపలు తినేస్తున్నాయట. వారం నుంచి, నేను కాలేజీలో ఉండే పగటిపూట కాలుస్తుంటే, చివరికి ఆ రోజే లేచి ఎటో పోయాయట. "దీపావళి మాకు ముందే వచ్చింది సార్," అని ఒకడు పళ్ళు ఇకిలించాడు. వాణ్ణి నీళ్ళలోకి తోయాలనిపించింది.

దీపావళికి ఊరికి పోతూ బస్సులో కదిరి దాకా ఎవరిని ఎంత తిట్టాలో ఆలోచించుకున్నాను. చిన్నాయన కండువాకు సగం, అవ్వ చట్టానికి సగం. పనికొచ్చే వస్తువుకు పూజలేంది, పూజ చేసిన చేతులు వస్తువును పనికిరాకుండా చేయడమేంది, ఈ జిల్లా బాగుపడుతుందా, అని మొదలుపెట్టి బాగా పెద్ద ఉపన్యాసమే తయారైంది. తనకల్లులో బస్సు దిగేసరికి అందులో ప్రభుత్వం కూడా వచ్చి చేరింది.

ఇంటి ముందు జీపు, చుట్టూ మామూలు జనం. అవ్వ మంచాన్ని ఎండ పొడకు వసారాలోకి తెచ్చారు. నన్ను చూడగానే ఆమె లేచి కూర్చోవడానికి ప్రయత్నించింది. ఉపన్యాసంలో అవ్వ భాగం నాకు గుర్తు రాలేదు.

"యాడరా ఫోటోలు?" అని చిన్నాయన చేయి చాపాడు. "కొంగలకు బొట్లుండాయా, కాటుక గూడ ఉండాదా?"

జనం అలవాటు ప్రకారం నవ్వారు. పాడైపోయాయని చెబుదామని నోరు తెరిచేలోపల కవరు ఆయన చేతిలోకి పోయింది. మొదటి ఫోటో పైకి తీశాడు. కొంగ, వీపు ఇటు తిప్పి, బొటనవేలంత ఉంది, స్పష్టంగా. ఆయన నవ్వు ఆగింది. ఫోటోను దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు. వెనకనుంచి తొంగి చూసిన మనిషొకడు, "అవునన్నా, కుంకం చల్లినట్టే ఉండాది!" అని నోరు జారాడు. జారిన వెంటనే నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఫోటో చేతులు మారింది. అందరూ చూశారు. అందరూ తలలూపారు. కరువు బృందం దగ్గర ఊపినట్టు కాదు, నిజంగానే.

చిన్నాయన ఊరికే ఓడిపోయే మనిషి కాదు. మిగిలిన ఫోటోలు పేకముక్కల్లా తిప్పాడు.

"ఇదేందిరా, నీళ్ళు గూడా ఎర్రగుండాయే? ఈ పంపుహౌసుకు కుంకమేంది? బర్రె! బర్రె గూడా ఎర్రగుండాదే?"

నేను నిజం చెప్పాలి. చెబితే కొంగ కుంకుమ కూడా పంపుహౌసు కుంకుమతో పాటే కొట్టుకుపోతుంది. ఆ అద్దం తుడిచింది నీ కండువానే అని అరవాలని ఉంది, అరిస్తే అవ్వ ఓడిపోతుంది.

అవ్వ మంచంలో నుంచే చేయి చాపి బర్రె ఫోటో తీసుకుంది. ముక్కుకు ఆనించుకున్నట్టు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మా యూర్లో బర్రెలు గూడా అట్లే ఉంటాయి," అంది. "రాళ్ళల్లో పుట్టినోనికి నీకెట్ల తెలుస్తాది?"

ఈసారి జనం చిన్నాయన వైపు చూడకుండానే నవ్వారు. పనులున్నవాళ్ళు కూడా నవ్వారు. చిన్నాయన కండువా దులుపుకుని, ఏదో మీటింగు ఉందని జీపెక్కాడు. పోతూ పోతూ కొంగ ఫోటో జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మండలంలో ఆయనే దాన్ని అందరికీ చూపించి, "మాయమ్మ పుట్టినూరు," అని చెప్పుకున్నాడట.

అందరూ పోయాక అవ్వ నన్ను మంచం మీద కూర్చోమంది. బర్రె ఫోటో ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గోటితో దాని మీద మెల్లగా గీకింది.

"ఇది నా కుంకమే కదరా?"

"ఊ."

"బర్రెకు గూడా అంటినప్పుడే తెలిసింది." వాకిట్లోకి చూసి, ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది. "నిజం చెప్పు నాయనా. కొంగకు నిజంగానే ఉండాదా? నువ్వు కండ్లతో చూసినావు కదా. ఇన్నేండ్లు వీళ్ళు నవ్వతా నవ్వతా ఉంటే, నేనే ఊరికే అనుకోని చెప్తాండానేమోనని నాకే అనుమానం వచ్చేసింది."

అంత గట్టి మనిషికి ఆ అనుమానం పుట్టించారు మావాళ్ళు. నవ్వులతోనే పుట్టించారు. నాకు ఏడుపొచ్చింది.

"ఉండాదవ్వా. ఈపు చివర, తోక మింద. నువ్వు చెప్పినట్టే, చల్లినట్టే ఉండాది. పది అడుగుల దూరంలో నిలబడి చూసినా."

ఆమె ఆ మాట విని, ఫోటో దిండు కింద పెట్టుకుంది. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంది.

"మీ తాత సచ్చి బతికిపోయినాడు పో," అంది.